నిలబడితే వచ్చే ఎక్కం

ఆ వానాకాలం పేరెత్తితే నాకు ముందు గుర్తొచ్చేది సంతోషమే. తర్వాత జరిగింది తలుచుకుంటే అలా చెప్పడానికి మొహమాటంగా ఉంటుంది గాని, అబద్ధమాడలేను. మా పెళ్లి మే నెలాఖరులో అయింది. చేతుల మీద గోరింటాకు పూర్తిగా వెలిసిపోకముందే వానలు పడ్డాయి, బడులు తెరిచారు. మా ఇద్దరికీ ఒకటే రెయిన్‌కోటు. కిరణ్ పాల్ అది తొడుక్కుని బండి నడుపుతుంటే నేను దాని వెనక భాగం ఎత్తి తల లోపలికి దూర్చేదాన్ని. చందానగర్ నుంచి నల్లగండ్ల దాకా నాకు రోడ్డే కనిపించేది కాదు. ఆయన చొక్కాలోంచి సబ్బు వాసన, నెత్తి మీద టపటపమని చినుకులు, అంతే. ప్రతి సిగ్నల్ దగ్గరా "ఉన్నవా, పడ్డవా?" అని అరిచేవాడు. "ఉన్నానండి" అనేదాన్ని. తెనాలి నుంచి నేను మోసుకొచ్చిన ఆ 'అండి' వినడానికే అడిగేవాడని నాకు తెలుసు. తెలిసీ ప్రతిసారీ కాస్త సాగదీసి అనేదాన్ని.

ముందు పెట్రోలు ట్యాంకు మీద, రెయిన్‌కోటు మెడలోంచి తల ఒక్కటి బయటపెట్టి దీవెన ఉండేది. దీవెన మా వదిన, అంటే కిరణ్ వాళ్లక్క సెలీనా కూతురు. మూడో తరగతి. కదిలే బండి మీద తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా ఆ పిల్ల కుదురుగా కూర్చునేది కాదు.

వదిన మాతోనే ఉండేది. భర్త పోయాక ఆమెకి మిగిలింది ఈ కూతురు, ఒక పెద్ద ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ. దీవెనని అప్పటికే మూడు బడులు వద్దన్నాయి. నాలుగోది నేను పాఠాలు చెప్పే బడి. స్టాఫ్ ఇంటి పిల్ల గదా అని మా ప్రిన్సిపల్ కళ్యాణి మేడం చేర్చుకున్నారు గాని, దసరా సెలవుల దాకానే గడువిచ్చారు. అప్పటికి కూర్చోవడం నేర్చుకుంటే సరి, లేకపోతే టీసీ తీసుకోవాలి. టీసీ ఇస్తే ఇక మెదక్ అవతల ఎక్కడో ఉన్న మిషన్ హాస్టలే. తల్లి నెలకోసారి వెళ్లి చూసి రావచ్చు.

బడి తెరిచిన రోజు పొద్దున్నే డ్యూటీ నుంచి వచ్చిన వదిన, నేను డబ్బాలో ఉప్మా సర్దుతుంటే వంటింటి గుమ్మంలో నిలబడింది.

"షారోన్, నీ చేతుల పెడుతున్న. దసరా దాంక జర కూసుండబెట్టు. కొట్టినా ఏమనను."

"కొట్టనండి వదినా."

"కొట్టకుంటే కూసోదు." కాసేపు ఆలోచించి తనే అంది, "కొట్టినా కూసోలేదనుకో మొన్నటి బళ్లె."

మా బడి నల్లగండ్లలో ఒక సందులో నాలుగంతస్తుల భవనం. కింద మందుల షాపు, పైన మేము. ఆటస్థలమంటే సెల్లారే. స్కూలు వ్యాన్లు బయటికి వెళ్లాక అక్కడ పిల్లలు పరుగెత్తేవాళ్లు. ప్రతి క్లాసులోనూ బోర్డు పక్కన పైన ఒక కెమెరా ఉండేది. తల్లిదండ్రులు ఆఫీసుల్లో కూర్చుని ఫోన్లో తమ పిల్లల్ని చూసుకోవచ్చు. బొమ్మే తప్ప మాట వినపడదు. హైటెక్ సిటీలో, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో టీ తాగే టైముకి ఎంతమంది మా క్లాసు చూస్తుంటారో నాకు తెలియదు గాని, వాళ్లలో ఒకరు మాత్రం ఎవరో కచ్చితంగా తెలుసు. వదిన. రాత్రంతా వార్డులో తిరిగి వచ్చిన మనిషి పడుకోవాలి గదా, పడుకునేది కాదు. దిండు పక్కన ఫోన్ పెట్టుకుని కూతుర్ని చూసేది. నా హ్యాండ్‌బ్యాగులో ఫోన్ గుర్రుమనేది.

'బిడ్డ లేసింది.'

'మల్ల లేసింది షారోన్.'

'కిటికీ కాడ ఏం చేస్తుంది?'

కిటికీ దగ్గర ఏమీ చేసేది కాదు పాపం, నిలబడేది. అల్లరి పిల్ల కాదు, ఎవరినీ గిల్లేది కాదు. రెండు లెక్కలు చేసేసరికి ఆ పిల్ల కాళ్లు బెంచీ దిగిపోయేవి. ఎందుకు లేచావంటే నిజంగా ఆశ్చర్యపడేది. "నేను లేవలే మిస్. కాళ్లు లేసినయ్." బడిలో మిస్, ఇంట్లో అత్త అని మేమిద్దరం ఒప్పందం చేసుకున్నాం. ఆ ఒక్కటి మాత్రం ఏనాడూ తప్పలేదు.

చివరి బెంచీలో కూర్చోబెట్టాను. కెమెరాకి అందని మూలలో కూర్చోబెట్టాను. కూర్చుంటే చాక్లెట్ అన్నాను. తనకీ కూర్చోవాలనే ఉండేది, ప్రయత్నించేది, అదే నన్ను చంపేది. పళ్లు బిగించి, బెంచీ అంచు రెండు చేతులా పట్టుకుని, మొహం ఎర్రబడేలా కూర్చునేది. ఆ కూర్చున్న కాసేపూ నేను చెప్పింది ఒక్క ముక్క చెవికెక్కేది కాదు.

ఒక ఆదివారం చర్చికి వెళ్లే ముందు జడ వేస్తుంటే మెల్లగా అడిగింది. "అత్తా, నీ చున్నీతోటి నన్ను బెంచీకి కట్టెయ్యరాదు?"

"అదేంటే?"

"కట్టేస్తే లేవ గద. అప్పుడు అమ్మ పండుకుంటది."

నా చేతిలో జడ పాయలు కలిసిపోయాయి. మళ్లీ మొదటి నుంచి అల్లాను.

ఆగస్టులో వాన పట్టుకుంటే వదల్లేదు. సెల్లార్ నిండా నీళ్లు, మోటారు పెట్టి తోడుతుంటే మళ్లీ నిండేవి. పీటీ పీరియడ్ ఎగిరిపోయింది. ముప్ఫైమంది పిల్లలు పొద్దున్న ఎక్కిన బెంచీలు సాయంత్రం దిగడం. దీవెన సంగతి అలా ఉంచండి, అవినాష్ లాంటి బుద్ధిమంతుడు కూడా పెన్సిలు కొరుక్కు తినేస్తున్నాడు. ఒకరోజు కళ్యాణి మేడం నన్ను మెట్ల మీద ఆపారు. "షారోన్ గారూ, ఎవరో పేరెంట్ ఫోన్ చేశారు. మీ క్లాసులో ఎప్పుడు చూసినా ఒకమ్మాయి నిలబడే ఉంటుందట. నేనేం చెప్పాలి చెప్పండి?"

మర్నాడు ఏడో ఎక్కం రాయిస్తున్నాను. దీవెన లేచింది. బ్యాగులో ఫోన్ గుర్రుమంది. కెమెరా మీద ఎర్ర చుక్క వెలుగుతోంది. ఇంకెవరు చూస్తున్నారో, మేడం కిందనుంచి వస్తున్నారేమో. ఒక్కతే నిలబడితేనే గదా కనపడుతుంది అనిపించింది.

"అందరూ లేవండి," అన్నాను.

లేచారు. ఆ తర్వాతేం చెయ్యాలో నాకు తెలియదు. పిల్లలు నన్ను చూస్తున్నారు, నేను వాళ్లని చూస్తున్నాను.

"సెవెన్ వన్జా సెవెన్," అని కుడికాలు నేల మీద కొట్టాను. "సెవెన్ టూజా ఫోర్టీన్," ఎడమకాలు.

రెండోసారికి గది గదంతా దద్దరిల్లింది. కింద మందుల షాపతను గొడుగు తీసుకుని బయటికి వచ్చి పైకి చూశాడట, తర్వాత చెప్పాడు. మూడోసారికి నేను ఆపేశాను, వాళ్లు ఆపలేదు. ఆ మోతలోంచి ఒక సన్నటి గొంతు అందరికంటే ఒక అడుగు ముందు పోతోంది. "సెవెన్ ఎయిట్జా ఫిఫ్టీ సిక్స్. సెవెన్ నైన్జా సిక్స్టీ త్రీ." దీవెన. నెల రోజులుగా ఏడు మూళ్లు దాటని దీవెన.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి వదిన మొహం ఉబ్బి ఉంది. ఏడ్చిందేమోనని భయపడ్డాను.

"ఇయ్యాల నా బిడ్డ కనబడలే షారోన్. అందరు లేసిన్రు, ఏది నా బిడ్డనో దొర్కలే. చూసి చూసి నిద్ర పట్టింది. గిప్పుడే లేసిన." కళ్లు నులుముకుంటూ సిగ్గుగా నవ్వింది. నేనా ఇంటికి కోడలిగా వచ్చాక వదిన నవ్వు చూడటం అదే మొదలు.

ఆ నవ్వు రుచి మరిగి నేను ఆగలేదు. దాచడానికి మొదలుపెట్టిన పని పాఠమే అయిపోయింది. పదుల స్థానానికి అంగ, ఒకట్ల స్థానానికి గెంతు. నలభై మూడంటే నాలుగంగలు, మూడు గెంతులు. లంబకోణమంటే రెండు చేతులు చాచి మూడు గంటలు చూపే గడియారంలా నిలబడటం. రాత్రి అన్నాలయ్యాక కిరణ్ కూడా వరండాలో అంగలు వేసేవాడు. "నా జీతమెంతనో గెంతి చూపించాల్నా?" అంటే "వద్దులెండి, కింద ఇంటివాళ్లు లేస్తారు" అనేదాన్ని. నాకెంత సంతోషంగా ఉండేదంటే, పొద్దున్నే కుక్కర్ విజిల్ కూడా ఎక్కంలాగే వినిపించేది.

కాని దసరా దగ్గర పడుతోంది. పరీక్ష కూర్చునే రాయాలి. ఆ సంగతి నేను తలుచుకోలేదు. తలుచుకోవడానికి ధైర్యం లేక.

వినాయక చవితి వెళ్లిన మూడు వారాలకి అవినాష్ కొత్త సంగతి తెచ్చాడు. వాళ్ల తాత రోజూ పొద్దున్నే వినాయకుడి ముందు చేతులు మార్చి చెవులు పట్టుకుని గుంజీలు తీస్తాడట. చవితినాడు మనవడి చేత కూడా తీయించాడు. "మిస్, ఎనిమిదో ఎక్కం గుంజీలతోటి చేద్దాం మిస్." క్లాసంతా సై అంది. చెవులు పట్టుకుని ఎయిట్ వన్జా ఎయిట్ అని కిందికి, ఎయిట్ టూజా సిక్స్టీన్ అని పైకి. తాళం తప్పకుండా నేను ముందు నిలబడి చప్పట్లు కొట్టాను. నవ్వుతూనే కొట్టాను. ఆ నవ్వే కొంప ముంచింది.

మధ్యాహ్నం కిరణ్ ఫోన్ చేశాడు. గొంతు మామూలుగా లేదు.

"షారోన్, ఇయ్యాల ఆకుపచ్చ చుడీదార్ ఏసుకున్నవా?"

"అవునండి, మీరేగా తీసిచ్చింది. ఏం?"

"మా టీం గ్రూపుల ఒక వీడియో తిరుగుతుంది. పిల్లలందరు గుంజీలు తీస్తున్నరు, టీచర్ నవ్వుకుంట చప్పట్లు కొడుతుంది. మాట వినొస్తలేదు. మా ఫ్లోర్ మొత్తం తిడుతున్నరు."

గుంజీలంటే బడిలో ఏమిటో ఈ ఊళ్లో తెలియని మనిషి ఉన్నాడా? నాకెలా తట్టలేదు? మా ఇంట్లో వినాయకుడు లేడు, కనీసం బడిలో తీసిన గుంజీలైనా గుర్తురావాలి గదా. పిల్లల మొహాలు చూసి మురిసిపోయాను.

"మీరేమన్నారు?" అని అడిగాను.

"నా భార్య అని చెప్పిన."

"ఏమన్నారు వాళ్లు?"

"ఏమంటరు. అందరు సప్పుడు చేయకుంట కూసున్నరు."

నాలుగింటికి ప్రిన్సిపల్ గదిలోకి పిలుపు. కళ్యాణి మేడం ఎదురుగా అవినాష్ తండ్రి శివశంకర్ ఉన్నాడు. ఖాజాగూడ సొంతూరు, ఆ పక్కనే ఏదో కంపెనీలో మేనేజరు. తల్లిదండ్రుల గ్రూపు తరఫున వచ్చాడు. మెడలో ఆఫీసు కార్డు ఇంకా వేలాడుతోంది. ఫోన్ బల్ల మీద పెట్టి నా వైపు తిప్పాడు.

"మేడం, నేను మీటింగ్‌ల ఉన్న. ఫోన్ తీసి చూస్తే మావోడు గుంజీలు తీస్తున్నడు. ఏం తప్పు చేసిండు వాడు?"

"తప్పేం చెయ్యలేదండి. ఎనిమిదో ఎక్కం చెబుతున్నాడు."

"గుంజీలు తీసుకుంటనా? ఎవల ఐడియా ఇది?"

"మీ అవినాష్‌దేనండి. వాళ్ల తాతగారు వినాయకుడి ముందు తీస్తారట గదా. చవితి అయ్యాక వచ్చి అందరికీ నేర్పాడు."

ఆయన ఫోన్ మళ్లీ తన వైపు తిప్పుకుని చూశాడు. తెరమీద అవినాష్ కిందికీ పైకీ పోతున్నాడు.

"మా నాయిన తీస్తడు," అన్నాడు నెమ్మదిగా. "మోకాళ్లు నొస్తున్నయంటడు, ఆపడు." గొంతు సవరించుకున్నాడు. "సరే. పనిష్మెంట్ కాదు. గ్రూపుల నేనే చెప్త. కానీ క్లాసుల ఇవన్ని ఎందుకు మేడం? పీటీ పీరియడ్ ఉంది గద."

"సెల్లార్‌లో నీళ్లున్నాయండి. చాలా రోజులుగా పీటీ లేదు."

కళ్యాణి మేడం కిటికీ వైపు చూశారు. తర్వాత నా వైపు తిరిగారు. "అది ఒక్కటే కాదు. మిగతాది మీరు చెబుతారా, నేను చెప్పనా?"

నేనే చెప్పాను. "దీవెన మా ఆడపడుచు కూతురండి. కూర్చోలేదు. ఒక్కతే లేస్తే అందరి కళ్లూ దాని మీదే పడతాయని క్లాసంతా లేపాను. మొదటిరోజు అంతే. తర్వాత చూస్తే అందరికీ బాగా వస్తోందండి."

"ఒక్క పిల్ల కోసం ముప్ఫైమందినా?" అన్నాడు శివశంకర్. కోపంగా కాదు, లెక్క అర్థం కానట్టు.

మేడం బెల్ కొట్టి దీవెనని తీసుకురమ్మన్నారు. "ఇంకొన్నాళ్లలో పరీక్షలు. పరీక్ష కూర్చుని రాయాలి. ఇక్కడ కూర్చుని ఏడో ఎక్కం చెప్పమనండి. చెబితే నేనిక మాట్లాడను."

దీవెన వచ్చింది. ఎదుటి కుర్చీ చూపించారు. పెద్దవాళ్ల కుర్చీ అది. ఎక్కి వెనక్కి జరిగితే కాళ్లు నేలకి అందలేదు. నేను గోడ పక్కన నిలబడి చున్నీ కొస పిండుతున్నాను.

"సెవెన్ వన్జా సెవెన్. సెవెన్ టూజా ఫోర్టీన్. సెవెన్ త్రీజా..."

ఆగింది. గాలిలో మడమలు ఒకదాన్నొకటి తాకాయి. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. మొహం ఎర్రబడింది.

"సెవెన్ వన్జా సెవెన్. సెవెన్ టూజా..."

దేవా, ఒక్క ఎక్కం. ఈ ఒక్కటి కూర్చుని చెప్పనియ్యి.

దీవెన నా వైపు తిరిగింది. నోట్లో ఎక్కం లేదని దానికి తెలుసు, అయినా కళ్లలో ఏదో ఆశ. "మిస్," అంది, "కూసున్న చూడు మిస్. లేవలే."

శివశంకరే అన్నాడు, "నిలబడి చెప్పనీయున్రి మేడం."

దిగీ దిగగానే మొదలెట్టింది. కుడికాలు, ఎడమకాలు, చలవరాయి మీద టకటకమని ఏడు పదులు డెబ్బై దాకా. గుక్క తిప్పుకోకుండా వెనక్కి కూడా వచ్చింది. అది నేను నేర్పలేదు.

"మావోడు ఉల్టా చెప్పలేడు," అన్నాడాయన.

"వచ్చు. రాదని నేనెప్పుడూ అనలేదు." కళ్యాణి మేడం దీవెన తల నిమిరి బయటికి పంపించారు. తలుపు మూసుకున్నాక అడిగారు, "శివశంకర్ గారూ, పరీక్షలో మీ అబ్బాయి పక్కన ఒకమ్మాయి కాళ్లు కొడుతూ నిలబడి రాస్తే మీకు పర్లేదా? గ్రూపులో అందరికీ పర్లేదా?"

ఆయన కార్డు తాడుని వేలికి చుట్టుకున్నాడు. విప్పాడు. "నాకు కాల్ ఉంది మేడం," అని లేచాడు. గుమ్మం దగ్గర ఆగి నాకు నమస్కారం పెట్టాడు. ఆ నమస్కారంతో నాకు అంతా అర్థమైంది.

"మీరు మంచి టీచర్ షారోన్ గారూ," అన్నారు మేడం. "సెలవుల తర్వాత మీరు రండి."

రెండో సగం, దీవెన సంగతి, ఆమె చెప్పలేదు.

చందానగర్ మార్కెట్ నిండా తంగేడు, బంతి, గునుగు పూలు. బతుకమ్మకి పూలు కొనేవాళ్లతో రోడ్డు కిక్కిరిసి ఉంది. సిగ్నల్ దగ్గర కిరణ్ ఏమీ అరవలేదు. ఇల్లు చేరేసరికి వదిన డ్యూటీ డ్రెస్ వేసుకుని, బ్యాగు భుజాన తగిలించుకుని సిద్ధంగా ఉంది. ప్రిన్సిపల్ గదిలో కెమెరా ఉండదు గదా, ఆమెకేం తెలియదు. చెప్పాను. ఏడవలేదు. దీవెనని గల్లీలోకి ఆడుకోమని పంపి, ఫోన్ తీసి హాస్టల్ సిస్టర్ నంబరు నొక్కింది. స్పీకర్ పెట్టింది.

అవతల గొంతు మెత్తగానే ఉంది. సీటుందన్నారు. బట్టలు, దుప్పటి తెచ్చుకోమన్నారు. "ఒక్కటే అడుగుతానమ్మా. సాయంత్రం స్టడీకి పిల్లలందరూ చాపల మీద కూర్చోవాలి. మీ పాప కుదురుగా కూర్చుంటుందా?"

"కూసుంటదమ్మా," అంది వదిన. "కావాల్నంటే వాళ్ల టీచరే ఈడ ఉంది, అడుగున్రి." ఫోన్ నా చేతిలో పెట్టింది. ఆమె వేళ్లు చల్లగా ఉన్నాయి. ఒక్క మాట అను అన్నట్టు చూసింది.

ఆడుకోమంటే దీవెన వెళ్లలేదు. గుమ్మం అవతల ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలితో గడప తడుతోంది.

"కూర్చోదండి," అన్నాను. "నిలబడితే అన్నీ వస్తాయి. కూర్చుంటే వచ్చింది కూడా పోతుంది. మీరు కొట్టినా కూర్చోదు."

"నిజం చెప్పావు, వందనాలమ్మా. మాకు కుదరదు," అని సిస్టర్ పెట్టేశారు.

"అయిపాయె," అంది వదిన. "నా బతుకుల మన్ను పోసినవ్."

"అక్కా..." అన్నాడు కిరణ్.

"నువ్వాగురా." వదిన నా మీద నుంచి చూపు తిప్పలేదు. "ఇగ ఏ బడికి పంపాల్నో నువ్వే చెప్పు. ఏ బడికి?"

"తెలీదు వదినా."

నిజంగానే తెలియదు. మూడు బడులు, నాలుగోది నాది, ఐదోది ఇప్పుడే నా నోటితో మూశాను. ఇరుకు గదిలో ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూడకుండా నిలబడ్డాం. దీవెన లోపలికి వచ్చి నా చెయ్యి లాగింది.

"అత్తా, ఇంక తొమ్మిదో ఎక్కం చెప్పవా?"

ఆ గదిలో మంచం, బీరువా పోను మనుషులు పక్కకి తిరిగి నడవాలి. తొమ్మిదో ఎక్కానికి చోటు చాలదు. నేను వంగి మంచం ఒక కొస పట్టుకున్నాను. అది ఇంచు కూడా కదల్లేదు. కిరణ్ నా వైపు అడుగేశాడు. అంతకంటే ముందే వదిన భుజాన ఉన్న బ్యాగు తీసి నేల మీద పెట్టింది. అటువైపు వెళ్లి రెండో కొస పట్టుకుంది.

నా మొహం చూడకుండానే, "ఎత్తు," అంది.